మిద్దె మీద నాలుగు రోజులు: చెట్టు ఎండను పట్టి, దాచి, ఖర్చు పెట్టడం కళ్లారా చూడాలంటే

మా మేనల్లుడు పదో తరగతి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, ఆరు కార్బన్ డయాక్సైడ్లు, ఆరు నీళ్లు, ఒక గ్లూకోజు, ఆరు ఆక్సిజన్లు అని. మొన్న సెలవుల్లో చిత్తూరు నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు, సాయంత్రం అలిపిరి వైపు నడుస్తూ శేషాచలం కొండలు చూపించి ఒక ప్రశ్న వేశాను. "ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది కదరా, ఒక్క దుంగ లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ బరువంతా ఎక్కడిది?" వాడు తడుముకోకుండా "మట్టిలోది మామా" అన్నాడు. సమీకరణంలో మట్టి అన్న మాటే లేదు, అది వాడికే తెలుసు, అయినా నోట్లోంచి వచ్చింది మట్టే. వాడిని తప్పుబట్టలేదు, ఎందుకంటే ఇంటికొచ్చి మా అక్కను, పక్కింటి పెద్దాయనను అడిగితే వాళ్లూ అదే చెప్పారు.

అందుకే వాడితో కలిసి నాలుగు రోజులు మిద్దె మీద చేసిన పనులన్నీ, చెడగొట్టుకున్నవాటితో సహా, ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో చేయండి, లేకపోతే మీరే చేయండి, సిగ్గేమీ లేదు. ఒక్క విషయం మాత్రం మొదటి నుంచీ మనసులో పెట్టుకోండి: చెట్టు పిండి, చక్కెర, నూనె దాచుకునేది మన కోసం కాదు, తను తినడానికి, తన బిడ్డ తినడానికి. మనం మధ్యలో దూరి ఎత్తుకొచ్చుకుంటున్నాం, అంతే.

ముందు సామాన్లు

కుండీలో పెరిగే చిక్కుడు మొక్క ఒకటి ఉంటే మంచిది, ఆకు పలుచగా ఉంటుంది కాబట్టి పని త్వరగా అవుతుంది. మందారం ఆకుతో కూడా చేయొచ్చు గానీ ఉడికేసరికి జిగట జిగటగా తయారై విసుగొస్తుంది. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ ఒక సీసా, బెటాడిన్ చిన్నది. టింక్చర్ అయోడిన్ దొరికితే ఇంకా మేలు, ఈ మధ్య చాలా షాపుల్లో ఉండటం లేదు. అక్వేరియం షాపులో హైడ్రిల్లా అనే నీటి మొక్క ఒక కట్ట. ఇంట్లోవి: గుప్పెడు పెసలు, గుప్పెడు శెనక్కాయ విత్తనాలు, తాంబూలంలోకి వాడే సున్నం, వంట సోడా, అల్యూమినియం ఫాయిల్, పాత స్టీలు గ్లాసు, ఫ్లాస్కు. ల్యాబులో వాడే థర్మామీటరు ఒకటి కావాలి, జ్వరం చూసేది పనికిరాదు. పక్కింట్లో రణపాల మొక్క ఉంటే ఆకులు రెండు అడిగి పెట్టుకోండి, శంఖుపుష్పాలు నీలంవి ఓ పది కూడా.

ఇంకో మాట. నవంబరులో మొదలుపెట్టకండి. నేను మొదటిసారి అప్పుడే పెట్టుకున్నాను, ఈశాన్య రుతుపవనాల వాన నాలుగు రోజులు వదల్లేదు, ఆకు మీద అయోడిన్ వేస్తే ఏ రంగూ రాలేదు, ప్రయోగం తప్పో పుస్తకం తప్పో అర్థం కాక తల పట్టుకున్నాను. తప్పు మబ్బుది. జనవరి నుంచి మార్చి దాకా మన దగ్గర ఎండ సరిగ్గా సరిపోతుంది.

గురువారం రాత్రి: మొక్కను పస్తు పెట్టండి

చిక్కుడు కుండీని తీసుకెళ్లి వెలుతురు చొరబడని గదిలో పెట్టండి, బీరువా పక్క సందు అయినా సరే, పైన అట్టపెట్టె బోర్లిస్తే చాలు. ఆదివారం పొద్దున దాకా అక్కడే ఉండాలి. నీళ్లు మాత్రం పోయండి, పస్తు అంటే వెలుతురుకు పస్తు.

ఎందుకంటే ఆకులో పగలు చేసిన పిండి అప్పటికే నిల్వ ఉంటుంది. అది ఖాళీ అయితే తప్ప కొత్తగా ఏం చేసిందో మనకు కనపడదు. ఆ పిండిని ఎవరు ఖాళీ చేస్తారు? మొక్కే. రాత్రి వంట ఉండదు గానీ ఆకలి ఉంటుంది కదా, అందుకని దాచిన పిండిని విరిచి చక్కెర చేసుకుని తింటుంది. ఆవ కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్లు 2013లో చెప్పిన సంగతి నాకు భలే నచ్చింది: ఆ మొక్క రాత్రి ఎంతసేపు ఉంటుందో చూసుకుని, ఉన్న పిండిని అంతసేపటికి సమంగా పంచుకుని, తెల్లారేసరికి దాదాపు అంతా అయిపోయేలా ఖర్చు పెడుతుందట. మధ్యాహ్నమే దీపం ఆర్పేసి తొందరగా రాత్రి చేసినా లెక్క సరిచూసుకుంటుంది. మా ఇంట్లో నెలాఖరు లెక్క ఏనాడూ ఇంత సరిగ్గా కుదరలేదు.

శుక్రవారం: పెసలు నానబెట్టండి

గుప్పెడు కాదు, రెండు గుప్పెళ్లు. పొద్దున నానబోసి, రాత్రి నీళ్లు వంచి తడిగుడ్డలో మూట కట్టేయండి. ఇంకేం లేదు ఈ రోజుకు.

శనివారం: బుడగలు లెక్కపెట్టండి

హైడ్రిల్లా కొమ్మ ఒకటి తీసుకుని కాడను బ్లేడుతో ఏటవాలుగా కోయండి. గాజు సీసాలో నీళ్లు నింపి, కోసిన చివర పైకి, కొస కిందికి వచ్చేలా తలకిందులుగా దించండి, తేలిపోకుండా కింద చిన్న రాయి కట్టండి. లీటరుకు పావు చెంచా వంట సోడా కలపండి, మొక్కకు కార్బన్ అందాలి కదా. తీసుకెళ్లి మిద్దె మీద ఎండలో పెట్టి కూర్చోండి.

కాసేపటికి కోసిన కాడ చివర నుంచి సన్నటి బుడగలు దారంలా లేస్తాయి, ముత్యాలు గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి. నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత సీసాను మెట్ల కింద నీడలో పెట్టి మళ్లీ లెక్కపెట్టండి. మళ్లీ ఎండలోకి తెండి. ఎండ, నీడ, ఎండ, అంతే ఆట, కానీ ఈ ఆట ఆడే 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు ఆకులు ప్రాణవాయువును వెలుతురులోనే వదులుతాయని తేల్చాడు.

రెండు జాగ్రత్తలు. ఎండకు నీళ్లు వేడెక్కితే సీసా గోడల మీద కూడా బుడగలు పుడతాయి, అవి నీళ్లలో కరిగి ఉన్న గాలి, మొక్కవి కావు, లెక్కలో కలపకండి. రెండోది, నేను చేసిన పొరపాటు: మంచిదని ఆర్వో క్యాను నీళ్లు పోశాను, సోడా వేయలేదు, అరగంట కూర్చుంటే నాలుగో ఐదో బుడగలు వచ్చాయి. విసిగిపోయి బోరు నీళ్లు పోశాను, లేచాయి చూడండి. మా వీధి బోరు నీళ్లు బకెట్టుకు తెల్లటి పొర కట్టేంత గట్టివి, ఆ గట్టిదనంలోనే బైకార్బొనేట్ రూపంలో కార్బన్ ఉంది. మనం తిట్టుకునే నీళ్లు మొక్కకు భోజనం అన్నమాట.

ఇప్పుడు ఆ బుడగలోని ఆక్సిజన్ ఎక్కడిదో చెప్పండి. కార్బన్ డయాక్సైడ్‌లోనిది అనుకుంటాం, కాదు. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని వాడి చూస్తే బయటికొచ్చిన ఆక్సిజన్ నీళ్లదని తేలింది. లోపల జరిగేది ఇది: ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం వెలుగులను బాగా మింగుతుంది, ఆకుపచ్చను అంతగా పట్టదు, అందుకే ఆకు మనకు పచ్చగా కనపడుతుంది. మింగిన వెలుగు దెబ్బకు పత్రహరితంలోని ఒక ఎలక్ట్రాను ఎగిరిపోతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి నీటిని చీల్చి ఎలక్ట్రాను లాక్కుంటుంది, చీలిన నీటిలో మిగిలిన ఆక్సిజన్ మనం చూసిన బుడగ. మొక్కకు అది చెత్త.

ఎగిరిన ఎలక్ట్రాను చేతులు మారుతూ పోయేటప్పుడు, ఆ శక్తితో హైడ్రోజన్ అయాన్లు ఒక పొరకు ఒక పక్కనే పోగవుతాయి. కళ్యాణి డ్యామ్ తలుచుకోండి. నీళ్లు ఒక పక్క నిండి, తూములోంచి తోసుకుని కిందికి దిగినట్టు, ఈ అయాన్లు కూడా పొరలోని ఒక చిన్న ప్రోటీను తూములోంచి దిగుతాయి, దిగేటప్పుడు ఆ ప్రోటీను నిజంగానే చక్రంలా తిరుగుతుంది, ఆ తిరుగుడుకు ఏటీపీ అనే, కణం తన పనులకు ఖర్చు పెట్టుకునే శక్తి అణువు తయారవుతుంది. పొరకు ఒక పక్క నింపి వదలడమే అసలు కిటుకు అని పీటర్ మిచెల్ 1961లో అంటే చాలామంది నమ్మలేదు, 1978లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఈ ఏటీపీని, ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే ఇంకో అణువును ఖర్చు పెట్టి ఆకు గాలిలోని కార్బన్‌ను చక్కెరగా అల్లుతుంది. ఆ అల్లికను అడుగడుగునా గుర్తించినందుకు మెల్విన్ కాల్విన్‌కు 1961లో నోబెల్ వచ్చింది.

పని అయ్యాక హైడ్రిల్లాను చెరువులోనో కాలువలోనో పారేయకండి. అది అల్లుకుపోయే రకం. ఎండబెట్టి కుండీలో వేయండి.

శనివారం రాత్రికి పెసలు మొలకలెత్తి ఉంటాయి. ఒక చెంచా సున్నం గ్లాసు నీళ్లలో కలిపి కదపకుండా ఉంచండి, పైన తేరుకున్న సున్నపు తేటను మాత్రం మెల్లగా వంచుకోండి. సున్నం కళ్లలో పడకుండా చూసుకోండి. గాలి చొరని డబ్బాలో సగం మొలకలు వేసి, మధ్యలో చిన్న మూతలో ఆ తేట పోసి పెట్టి, బిగించేయండి. ఇంకో డబ్బాలో నానబెట్టని పొడి పెసలు, ఇంకో మూతలో తేట. మిగతా మొలకలను ఫ్లాస్కులో వేసి థర్మామీటరు దింపి, మూతి దూదితో మూయండి. పడుకోండి.

ఆదివారం తెల్లవారుజామున: రణపాల ఆకు

ఎండ పడకముందే రణపాల ఆకు ఒకటి కోసి ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం నాలుగింటికి అదే మొక్క నుంచి, అదే సైజుది ఇంకొకటి కోయండి. రెండింటినీ విడివిడిగా నూరి, గుడ్డలో వేసి పిండి రసం తీయండి. శంఖుపుష్పాలను వేడి నీళ్లలో వేస్తే నీలం నీళ్లు వస్తాయి, తెల్ల గిన్నెలు రెండింట్లో సమంగా పోసి, ఒక దాంట్లో పొద్దుటి రసం, ఒక దాంట్లో సాయంత్రం రసం చుక్కలు లెక్కపెట్టి వేయండి. పొద్దుటిది ఊదా వైపు తిరుగుతుంది, సాయంత్రానిది నీలానికి దగ్గరగానే ఉంటుంది. పక్కన మూడో గిన్నెలో నిమ్మరసం వేసి పెట్టుకుంటే పులుపు రంగు ఏదో తెలుస్తుంది. తేడా సినిమాలో చూపించినంత ఉండదు, పక్కపక్కన పెట్టి వెలుతురులో చూడాలి.

నోట్లో వేసుకుని రుచి చూడకండి. ఇంటి వైద్యంలో వాడతారని తెలుసు, కానీ ఈ జాతి మొక్కల్లో గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఉంటాయి, పశువులు ఎక్కువ మేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రంగు చూస్తే చాలు.

అయితే ఈ సంగతిని మొదట రుచి చూసే కనిపెట్టారు, అదీ మన దేశంలోనే. సామర్లకోటలో కంపెనీ వాళ్ల తోట చూసిన బెంజమిన్ హేన్ అనే వైద్యుడు ఈ ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం చేదుగా ఉందని ఉత్తరం రాస్తే లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ 1815లో అచ్చు వేసింది. కారణం ఏమిటంటే, ఆకు గాలి పీల్చడానికి పత్రరంధ్రాలు తెరిస్తే ఆ దారినే నీళ్లు కూడా ఆవిరైపోతాయి. రణపాల, కలబంద, బ్రహ్మజెముడు లాంటివి పగలు తలుపులు మూసుకుని, రాత్రి చల్లదనంలో తెరిచి, పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. పొద్దుటి పులుపు ఆ ఆమ్లమే. పగలు ఎండ రాగానే తలుపులు వేసుకుని, ఆ ఆమ్లంలోంచి కార్బన్‌ను తీసి వంట చేస్తాయి, సాయంత్రానికి పులుపు పోతుంది. ఈ మధ్య మన వైపు కొందరు పెడుతున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా ఇదే బాపతు.

ఆదివారం పొద్దున ఏడింటి నుంచి: ఆకు పరీక్ష

కుండీని చీకట్లోంచి తీసి, ముందు ఒక ఆకు తుంచి పక్కన పెట్టండి, పస్తున్న ఆకు అది. ఇంకో ఆకుకు, కొమ్మ మీద ఉండగానే, నడుమ అడ్డంగా ఫాయిల్ పట్టీ రెండు వైపులా కప్పేలా చుట్టి క్లిప్పు పెట్టండి. మా వాడు తన పేరులో మొదటి అక్షరం కత్తిరించి అంటించాడు, మీ ఇష్టం. కుండీని ఆరు గంటలు ఎండలో వదిలేయండి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ ఆకు తుంచండి. గిన్నెలో నీళ్లు మరిగించి, రెండు ఆకులనూ రెండు నిమిషాలు ముంచి తీయండి. ఇక్కడ ఆగండి, ఈ మాట రెండుసార్లు చదవండి: స్టవ్ ఆర్పేయండి, వేడినీళ్ల గిన్నెను స్టవ్ దగ్గర నుంచి దూరంగా తీసుకెళ్లండి, ఆ తర్వాతే స్పిరిట్ సీసా మూత తీయండి. కొన్నేళ్ల కింద తొందరపడి స్పిరిట్ గ్లాసును నేరుగా సిమ్‌లో పెట్టాను, ఆవిరికి మంట అందుకుని గ్లాసు మీద నీలం జ్వాల నిలబడింది. పళ్లెం బోర్లించి ఆర్పగలిగాను గానీ చేతి మీద వెంట్రుకలు పోయాయి, ఇంట్లో తిన్న తిట్లకు లెక్కలేదు.

స్పిరిట్‌ను చిన్న స్టీలు గ్లాసులో పోసి, గ్లాసును ఆ వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, ఆకులు స్పిరిట్‌లో వేయండి. పది పదిహేను నిమిషాల్లో స్పిరిట్ పచ్చగా, ఆకు పాలిపోయినట్టు అవుతుంది. నీళ్లు చల్లారితే మార్చండి. ఆకు పెళుసుగా ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో ఒకసారి ముంచితే మెత్తబడుతుంది. తెల్ల పళ్లెంలో పరిచి, బెటాడిన్‌ను పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి చుక్కలు చుక్కలుగా పోయండి.

రెండు మూడు నిమిషాలు ఊరికే చూస్తూ ఉండండి, బెటాడిన్‌లోని అయోడిన్ పిండి తగిలిన చోట నీలం నలుపుగా మారుతుంది. పస్తున్న ఆకు పసుపు గోధుమ రంగులోనే ఉంటుంది. ఎండలో ఉన్న ఆకు అంచుల నుంచి మెల్లగా నీలం, ఆ తర్వాత నల్లసిరా ఒలికినట్టు అవుతుంది, ఫాయిల్ ఉన్న చోట మాత్రం పట్టీ పట్టీలాగే వెలిసి మిగులుతుంది. మా వాడి అక్షరం స్పష్టంగా లేదు, ఒక కాలు చెదిరింది, అయినా పళ్లెం పట్టుకుని వీధంతా చూపించి వచ్చాడు.

ఇదే బెటాడిన్ నీళ్లను అరటికాయ ముక్క మీద వేయండి, నల్లబడుతుంది. బాగా మాగిన అరటిపండు మీద వేయండి, పెద్దగా మారదు. పిండి చక్కెర అయింది. మన తోతాపురి మామిడి మాగడమూ ఇంతే. చెరకు వేరే పద్ధతి, చక్కెరను చక్కెరగానే కాండంలో నింపుకుంటుంది, కానీ నరికిన చెరకు కూడా ఇంకా బతికే ఉంటుంది, దాచింది తింటూనే ఉంటుంది. అందుకే చిత్తూరు వైపు గానుగ దగ్గర నరికిన గడ ఎండలో పడి ఉంటే రైతుకు టెన్షన్, ఆలస్యమైన కొద్దీ చక్కెర తరిగి, విరిగి, బెల్లం అచ్చు సరిగ్గా కట్టదు.

భోజనానికి సంగటి ఉంటే

ఇది ప్రయోగం కాదు, ముద్ద చేతిలో పట్టుకుని చూడటమే. రాగి సంగటిలో బియ్యం ఉంటుంది, రాగి పిండి ఉంటుంది. ఆ రెండూ ఎండను పట్టే తీరు వేరు.

గాలిలోని కార్బన్‌ను పట్టే ఎంజైము పేరు రుబిస్కో. సెకనుకు మూడు నాలుగు అణువులు పడితే గొప్ప, అంత నిదానం. పైగా ఒక్కోసారి కార్బన్ డయాక్సైడ్ అనుకుని ఆక్సిజన్‌ను పడుతుంది, అప్పుడు చేసిన చక్కెరలో కొంత తిరిగి పోగొట్టుకోవాలి. ఎండ ముదిరిన కొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది. వరి, శెనగ, వేరుశెనగ ఈ నష్టాన్ని భరిస్తాయి. రాగి, జొన్న, మొక్కజొన్న, చెరకు మాత్రం ముందు వేరే ఎంజైముతో కార్బన్‌ను పట్టి, దాన్ని లోపలి కణాలకు తోసి, రుబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్ కిక్కిరిసేలా చేస్తాయి, ఇక దానికి పొరపాటు చేసే సందు దొరకదు. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో ఈ దారిని చెరకు ఆకుల్లోనే విడమరిచి చూపించారు. నలభై డిగ్రీల ఎండలో, తక్కువ నీళ్లతో రాగి ఎట్లా నిలబడుతుందో మన పెద్దలకు ఎంజైము పేరు తెలియకుండానే తెలుసు.

ఎంత చేసినా, మీద పడిన ఎండలో పంట దాచగలిగేది పొలంలో చాలావరకు నూటికి ఒకటి రెండు పాళ్లే. మిగతాది వేడిగా, ఆవిరిగా, మింగని రంగుగా పోతుంది.

ఆదివారం సాయంత్రం: పెసలు ఏం చేశాయో చూడండి

డబ్బాలు కదపకుండా చూడండి. మొలకల డబ్బాలో సున్నపు తేట మీద తెల్లటి పొర, కదిపితే పాలలా. పొడి పెసల దగ్గర తేట దాదాపు తేటగానే ఉంటుంది. మొలకలు కార్బన్ డయాక్సైడ్ వదిలాయి, మనలాగే, తేటను తెల్లబరిచింది అదే. ఫ్లాస్కులో థర్మామీటరు చూడండి, మాకు గది కంటే ఐదు డిగ్రీలు ఎక్కువ చూపించింది. మూటలో మొలకలు వెచ్చగా ఉంటాయని మన అమ్మలకు తెలిసిందే, ఇప్పుడు అంకె తెలిసింది.

మొలకకు ఆకు లేదు, ఎండ లేదు. తల్లి మొక్క దాచి పెట్టిన పప్పును తింటోంది. చిన్నప్పుడు మాకు చెట్లు పగలు కార్బన్ డయాక్సైడ్ పీలుస్తాయి, జంతువులు ఆక్సిజన్ పీలుస్తాయి అని రెండు వరుసల్లో బోర్డు మీద రాసి కంఠస్థం చేయించారు, దాంతో చెట్లకు శ్వాసక్రియ ఉండదనే భ్రమ చాలా ఏళ్లు పోలేదు. మొక్క కణంలోనూ మైటోకాండ్రియా ఉంటుంది, రాత్రీ పగలూ చక్కెరను ఆక్సిజన్‌తో మెల్లగా కాలుస్తూనే ఉంటుంది. పగలు కూడా, పక్కనే పత్రహరితం ఉండే హరితరేణువు వంట చేస్తుండగానే.

కాల్చగా వచ్చేది మళ్లీ ఏటీపీ, మళ్లీ అలాంటి పొరే, అలాంటి తూమే. ఒక గ్లూకోజు నుంచి 30 దాకా వస్తాయి, మిగతా శక్తి వేడి, అదే ఫ్లాస్కులో చూసింది. కణంలో ఏ పని జరగాలన్నా చేతిలో ఉండాల్సిన చిల్లర ఏటీపీ. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండేది కొన్ని పదుల గ్రాములే, కానీ అదే మళ్లీ మళ్లీ తయారై రోజు మొత్తానికి మన బరువంత అవుతుంది. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ కనిపెడితే, అదే ఏడాది హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి కండరంలో దాన్ని పట్టుకున్నది మన యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. మా వాడికి ఆ పేరు ఈ పాఠంలో ఎందుకు లేదో అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఫ్లాస్కులోని మొలకలు తినకండి, వాసన చూస్తే మీకే తెలుస్తుంది.

చివరగా: శెనక్కాయ కాల్చండి

ఆరుబయట చేయండి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ఇరవై విత్తనాలు వంటింటి కాటాలో తూచి ఇరవైతో భాగిస్తే ఒక్కోటి సుమారు అర గ్రాము వస్తుంది. ఒక విత్తనాన్ని ఇనుప తీగ కొసకు గుచ్చి, తీగను బంగాళదుంపలో నిలబెట్టండి. సిరప్ మూతతో కొలిచి 20 మిల్లీలీటర్ల నీళ్లు పాత స్టీలు గ్లాసులో పోసి, వేడి ఎంతో చూసి, గ్లాసును పట్టకారుతో పట్టుకోండి. విత్తనానికి అగ్గిపుల్లతో అంటించండి, అంటుకోవడానికి కొంచెం బతిమాలించుకుంటుంది, అంటుకున్నాక చిన్న దీపంలా నిలకడగా మండుతుంది. గ్లాసును మంటకు ఆనీ ఆనకుండా పట్టుకోండి. ఆరగానే నీళ్ల వేడి చూడండి.

మాకు 30 నుంచి 62 డిగ్రీలకు పెరిగింది. 32 డిగ్రీలు, 20 గ్రాముల నీళ్లు, అంటే 640 క్యాలరీలు, పాకెట్ల మీద రాసే కిలోక్యాలరీల లెక్కలో 0.64. వంద గ్రాముల విత్తనాల్లో 560 పైచిలుకు ఉంటాయి కాబట్టి అర గ్రాముకు 2.8 రావాలి. అంటే నాలుగో వంతు కూడా పట్టలేకపోయాం, మిగతాదంతా గాలికీ గ్లాసుకూ మసికీ పోయింది. అంత చిన్న గింజ అంతసేపు మండడానికి కారణం నూనె, దాదాపు సగం బరువు అదే. గ్రాము పిండిలో 4 కిలోక్యాలరీలుంటే గ్రాము నూనెలో 9. చిన్న గింజలో బిడ్డకు ఎక్కువ రోజుల తిండి కట్టాలంటే తల్లి మొక్కకు నూనె కంటే మంచి మూట దొరకదు.

మర్నాడు కొండకు నడిచి వెళ్తూ దారంతా ఇదే లెక్క వేశాం. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, నిట్టనిలువుగా చూస్తే సుమారు 700 మీటర్ల ఎత్తు. 60 కిలోల మనిషి అంత ఎత్తుకు తనను తాను మోసుకోవాలంటే 100 కిలోక్యాలరీలు చాలు. కానీ మన కండరం తిన్నదాంట్లో నాలుగో వంతే పనిగా మారుస్తుంది, మిగతాది వేడిగా పోతుంది, కాబట్టి 400 పైన కావాలి. అంటే సుమారు 150, 160 గింజలు. మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుని మా వాడు జేబులోని వేయించిన శెనక్కాయలు లెక్కపెట్టి, "మామా, తొంభై కూడా లేవు" అన్నాడు. పొద్దున తిన్న ఇడ్లీలు ఉన్నాయిలే, నడువు అన్నాను.

కాల్చిన విత్తనాన్ని పారేయకండి. నల్లటి బొగ్గు మిగిలి ఉంటుంది, దాన్ని పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంటలో ఎర్రగా కాలనివ్వండి, పొగ, మంట అన్నీ అయిపోయి తెల్లటి బూడిద మిగిలే దాకా. గోటి మీదికి కూడా రాదు, విత్తనం బరువులో నూటికి రెండు మూడు పాళ్లు. కట్టెపుల్ల కాలిస్తే ఇంకా తక్కువ. మంటలో పోయినదాంట్లో దాదాపు అంతా గాలి నుంచీ నీళ్ల నుంచీ వచ్చినది, వచ్చిన దారినే పోయింది. వేరు మట్టిలోంచి తెచ్చుకున్న పొటాషియం, కాల్షియం, ఫాస్ఫరస్ లాంటివి మాత్రం కాలక మిగిలాయి. మా వాడు ఆ బూడిదను వేలితో అద్ది, కొండ వైపు ఒకసారి చూసి, "ఎర్రచందనంలో మట్టి వాటా ఇంతేనా?" అన్నాడు.